నొక్కినా చిట్లని పొర

లోసెక్ మప్స్ మాత్రను కాసిన్ని నీళ్లలో వేసి కలిపితే బిళ్ల విడిపోతుంది. మిల్లీమీటరు కూడా లేని గుండ్రటి పెల్లెట్లు మిగులుతాయి. మందంతా వాటిలోనే. మింగలేనివాళ్లు ఆ నీళ్లే తాగేయొచ్చు, పెల్లెట్లను నమలకుండా.

ఆ మాత్రలోని మందు ఒమెప్రజోల్. దానికి ఆమ్లం గిట్టదు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించాల్సిన మందే ఆ ఆమ్లంలో పడితే పాడైపోతుంది, విచిత్రం! అందుకని ఒక్కో పెల్లెట్‌కీ పీహెచ్ 5.5 దాటితే గానీ కరగని మెథాక్రిలిక్ పాలిమర్ కోటింగ్ వేస్తారు. ఆ పాలిమర్‌దీ ఆమ్ల స్వభావమే కనుక, అది మందుకు తగలకుండా మధ్యలో ఇంకో పలుచటి పొర. 1988లో స్వీడన్ కంపెనీ ఆస్ట్రా ఈ మందును క్యాప్సూల్‌గా తెచ్చింది. క్యాప్సూల్లో పెల్లెట్లను నింపితే చాలు, నొక్కే పని లేదు. ఆ తర్వాత అలాంటి పెల్లెట్లనే ఉక్కు పంచ్‌ల మధ్య బిళ్లగా నొక్కారు. నాకు ముచ్చటేసేది ఇక్కడే.

బూందీ చిదక్కుండా లడ్డూ చుట్టినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. నొక్కకపోతే బిళ్ల నిలవదు, నొక్కితే పొర చిట్లుతుంది. పొరను గట్టిగా చేస్తే సరి అనిపిస్తుంది గానీ, పెళుసుగా ఉన్న గట్టి పొరే ముందు పగులుతుంది. ఒత్తిడికి పెల్లెట్ కాస్త చదునవుతుంది, పొర దానితోపాటే సాగాలి. ఆ సాగే గుణం కోసం ట్రైఇథైల్ సిట్రేట్ అనే ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది మోతాదు మించిందా, పెల్లెట్లు అంటుకుపోతాయి.

మిగతా పనితనమంతా చుట్టూ ఉండే పొడిది. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తానే ముందు లొంగి, అణిగి, పెల్లెట్ల సందుల్లో సర్దుకుంటుంది. పొడి చాలకపోతే పెల్లెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఎక్కువైతే బిళ్ల గొంతు దిగదు. పైగా మెషీన్ అదురుకు సన్న పొడి, పెల్లెట్లు వేరుపడి, ఒక బిళ్లలో మందు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడుతుంది. పొరకేమీ కాకపోయినా బ్యాచ్ పోవడానికి ఇదొక్కటి చాలు.

పైకి నున్నగా ఉన్న బిళ్ల లోపలి సంగతి చెప్పదు. అందుకే బిళ్లను 2 గంటలు ఆమ్లంలో, తర్వాత పీహెచ్ 6.8 బఫర్‌లో ఉంచి, మందు ఎప్పుడు ఎంత బయటికొచ్చిందో చూస్తారు. నొక్కని పెల్లెట్ల గ్రాఫ్, నొక్కినవాటి గ్రాఫ్ దాదాపు ఒకటిగా ఉండాలి.

ఆస్ట్రాయే తెచ్చిన మెటోప్రొలాల్ సక్సినేట్ మాత్రలో పెల్లెట్లకు ఇథైల్ సెల్యులోజ్ పొర. అవి చిట్లితే రోజంతా మెల్లగా రావలసిన మందు ఒక్కసారే దిగుతుంది. అయినా ఆ మాత్రకు మధ్యలో గీత ఉంటుంది. విరిచినప్పుడు దెబ్బతినేవి ఆ గీత మీదున్న కొద్ది పెల్లెట్లే కాబట్టి సగం చేసి వేసుకోవచ్చు. నమలడం, నూరడం మాత్రం కూడదు.