ప్రబోధం, ప్రలోభం

మన రాజకీయ భాషలో ఓటుకి రెండు వ్యాఖ్యానాలున్నాయి. రాష్ట్రపతి ఎన్నికలో ఒక ఎమ్మెల్యే పార్టీ మాట కాదని ఓటేస్తే దాన్ని అంతరాత్మ ప్రబోధం అంటారు. సామర్లకోటలో మిల్లు కూలికి వెళ్ళే మనిషి ఇంట్లో మగవాళ్ళ మాట కాదని ఓటేస్తే మాత్రం, ఎవరో ఏదో ఇచ్చి ఉంటారంటారు. అది ప్రలోభం. ఇంట్లో వాళ్ళ మాట వినే ఓటేస్తే దానికి స్వంత బుద్ధి లేదంటారు. ఎటు తిరిగినా ఆమె ఓటుకి కారణం ఆమె బయటే ఉండాలి: చీర, ముక్కుపుడక, నోటు, మొగుడు, కులం.

ఎన్నికలైన మర్నాడు పత్రికల్లో ‘మహిళా ఓటరు ఎటు మొగ్గింది?’ అన్న శీర్షిక తప్పకుండా కనిపిస్తుంది. పురుష ఓటరు ఎటు మొగ్గాడన్న శీర్షిక నేనింతవరకూ చూడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఓటర్ల జాబితాలో ఆడవాళ్ళు 2 కోట్ల 10 లక్షల మంది, అంటే మగవాళ్ళకంటే ఎక్కువ. సగానికి మించి ఉన్నవాళ్ళు కూడా ఒక ‘వర్గం’గానే మిగలడం విచిత్రం.

అంతరాత్మ సంగతి ముందు చూద్దాం. ఈ మాట మన రాజకీయాల్లో స్థిరపడింది 1969 రాష్ట్రపతి ఎన్నికతో. ఆ ఏడాది మే నెలలో జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరుకి చెందినవారు. ఆయన మీద స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు. ఇద్దరూ తెలుగువాళ్ళే కాబట్టి ‘మనవాడు’ అనే కారణం మనవాళ్ళకి పనికిరాలేదు. ప్రధాని ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థికే వెయ్యమని చెప్పకుండా, ఎవరి అంతరాత్మ ప్రబోధం ప్రకారం వాళ్ళు వెయ్యండన్నారు. ఆగస్టు 16న పోలింగు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. సి.డి. దేశ్‌ముఖ్ తదితరుల ఓట్లలోని రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి.

ఈ అంతరాత్మల వెనక ఏముంది? జూలై 19న జరిగిన బ్యాంకుల జాతీయకరణ ఉంది. సిండికేట్ పెద్దలతో ఇందిర తగాదా ఉంది. కమ్యూనిస్టుల, డి.ఎం.కె., అకాలీల లెక్కలున్నాయి. రేపు ఎవరి చేతిలో టికెట్లుంటాయోనన్న బెంగా ఉంది. నేను వీటిని తప్పుపట్టడం లేదు, రాజకీయమంటే ఇవే. కానీ ఇన్ని లెక్కలు వేసుకుని వేసిన ఓటుకి చరిత్రలో అంతరాత్మ అన్న పేరు మిగిలింది. అదే లెక్క ఒక ఆడమనిషి తన పింఛను గురించో గ్యాస్ బండ గురించో వేసుకుంటే ప్రలోభం అయింది.

ఆ ఎన్నికలోనే ఇంకోటి జరిగింది. మనం పెద్దగా చెప్పుకోం. పార్లమెంటు సెంట్రల్ హాల్లో సంజీవరెడ్డి మీద ఒక అనామక కరపత్రం చేతులు మారింది. అందులో ఉన్నవి స్త్రీలతో ఆయన ప్రవర్తన గురించి నీచమైన ఆరోపణలు. గిరి ఎన్నికని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకి వెళ్ళిన పిటిషన్లలో ఆ కాగితం ముఖ్యమైన అంశమైంది. రాష్ట్రపతి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఆ నింద ఓటర్ల మీద ఎంత పనిచేసింది, దాని వెనక ఎవరున్నారు అన్నదే వివాదం. అంతరాత్మని కదిలించడానికి ఆడవాళ్ళ కథలే సరుకయ్యాయేమని అడిగినవాళ్ళు నాకెక్కడా తగల్లేదు. ఓటరుగా లెక్కలోకి రాని స్త్రీ, కరపత్రంలోకి మాత్రం సులువుగా వచ్చింది.

రాష్ట్రపతి ఎన్నికలో సామర్లకోట వాళ్ళ తరఫున ఓటేసేది పెద్దాపురం ఎమ్మెల్యే. ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే ఓటు విలువ 159. ఈ అంకె ఎక్కడిదంటే, 1971 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి రాష్ట్రం హద్దుల్లో ఉన్న సుమారు 2 కోట్ల 78 లక్షల మందిని 175 స్థానాలతో, మళ్ళీ వెయ్యితో భాగిస్తే వచ్చేది. ఓటు హక్కున్నవాళ్ళే కాదు, అప్పటికి పొత్తిళ్ళలో ఉన్న ఆడపిల్ల కూడా ఆ 159లో ఉంది. ఆ పిల్లకిప్పుడు యాభై దాటాయి. ఆమె తల ఆ లెక్కకి కావాలి, అభిప్రాయం అక్కర్లేదు.

సరే, ఆ 159 ఎటు వెళ్ళింది? 2017లో రామ్‌నాథ్ కోవింద్ మీద మీరా కుమార్ నిలబడ్డారు. లోక్‌సభకి తొలి మహిళా స్పీకరు, దళిత స్త్రీ. మన రాష్ట్ర ఎమ్మెల్యేల ఓట్లలో ఆమెకొచ్చింది సున్నా. విభజన తర్వాత ఇక్కడ కాంగ్రెస్‌కి ఒక్క ఎమ్మెల్యే లేరు, తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ రెండూ కోవింద్ వైపే. 2022లో ద్రౌపది ముర్ము నిలబడితే అవే రెండు పార్టీలు ఆమె వైపు. ఈసారి సున్నా యశ్వంత్ సిన్హాది. ఐదేళ్ళలో మన శాసనసభకి స్త్రీల మీద, ఆదివాసుల మీద గౌరవం అంత పెరిగిందా? ఢిల్లీలో ఎవరితో ఉండాలన్న లెక్క రెండుసార్లూ ఒకటే. 2007లోనూ అంతే. ప్రతిభా పాటిల్‌కి శివసేన ఓటేసింది ఆమె స్త్రీ అని కాదు, మరాఠీ మనిషి అని. మహిళా రాష్ట్రపతి వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో జరిగే సంబరాన్ని నేను కాదనను. సంతాల్ స్త్రీ ఆ కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. కాకపోతే, ఓటేసినవాళ్ళ కారణం మన కారణం ఒకటేనని మాత్రం అనుకోవద్దు.

ఇక సామర్లకోట. కాలవ, మిల్లులు, జంక్షను, భీమేశ్వరుడి గుడి. ఇక్కడి ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ సెంటర్లో పంచాయతీ ప్రతినిధులకి శిక్షణ ఇస్తారు. రిజర్వేషన్లొచ్చాక ‘సర్పంచ్‌గారి భర్త’ అనే రాజ్యాంగేతర పదవి పుట్టిన రాష్ట్రంలో, ఆడవాళ్ళు తమ అధికారాలేమిటో పుస్తకం తెరిచి చదువుకునే చోటు అది. దాని గురించి వేరే రాయాలి.

1994లో తెలుగు స్త్రీలు సారా మీద ఓటేశారని అందరం ఒప్పుకుంటాం. 1992లో దూబగుంట నుంచి లేచిన ఉద్యమం ఎన్టీ రామారావుని గెలిపించిందంటాం. ఆ వ్యాఖ్య నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే కనిపిస్తుంది. 1993 అక్టోబరులో సారా నిషేధించింది కాంగ్రెస్ ప్రభుత్వం. అదే మరుసటి ఏడు 26 సీట్లకి పడిపోయింది. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేసిన తెలుగుదేశం 1999లో మళ్ళీ గెలిచింది. సారాయే కారణమైతే ఈ రెండూ ఎలా జరుగుతాయి? ఆ మధ్యలో డ్వాక్రా సంఘాలొచ్చాయి, దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లొచ్చాయి. ఏ ఒక్క కారణంతోనూ ఎవరూ ఓటెయ్యరు. మగవాళ్ళ విషయంలో ఇది మనకి తెలుసు. 2019లో రాష్ట్రమంతా 151 స్థానాలు ఊడ్చిన పార్టీ పెద్దాపురంలో ఒక మహిళని నిలబెట్టి ఓడిపోయింది. ఆమె స్త్రీ అన్నది ఆడవాళ్ళకి చాలలేదు, గాలి కూడా చాలలేదు.

2024లో, అక్కచెల్లెమ్మల ఖాతాల్లో నేరుగా డబ్బులు వేసిన ప్రభుత్వం 11 స్థానాలకి పడిపోయింది. ఫలితాల రోజు ఓడిన ముఖ్యమంత్రి, అంత సాయం అందుకున్న అక్కచెల్లెమ్మల ప్రేమ ఏమైపోయిందోనని వాపోయారు. ప్రేమ! బడ్జెట్‌లోంచి వచ్చిన డబ్బుకి బదులుగా ప్రేమ తిరిగి రావాలన్నమాట. గెలిచినవాళ్ళ భాషా వేరేం కాదు, వాళ్ళకి ‘ఆడపడుచుల దీవెన’ దక్కింది. తీర్పు అనే మాట ఇద్దరికీ రాలేదు.

ఆ తర్వాత సామర్లకోటలో మా పిన్ని వాళ్ళ వీధి డ్వాక్రా సంఘం మీటింగులో కూర్చున్నాను. పదిమందిలో ఒకే మాట మీద ఎవరూ లేరు. ఒకామె, “అమ్మఒడి డబ్బులు ఇటొచ్చాయండి, మందు కొట్టుకి అటెళ్ళాయండి. నిషేధం తెస్తామని గవర్నమెంటే కొట్టు పెట్టుకుంది కదండీ. లెక్క చూసుకోవద్దా మరి?” అంది. పక్కామె ఒప్పుకోలేదు: “మా అత్తగారి పింఛను ఒకటో తారీకు తెల్లారేసరికి మంచం దగ్గరికొచ్చేదండి. నేనటే వేశాను, ఇప్పుడూ అదే అంటాను.” మూడో ఆమెకి భూమి హక్కుల చట్టం భయం, తండ్రి పేరున ఉన్న అరెకరం ఏమవుతుందోనని. నాలుగో ఆమె కొడుకు హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు, ఇక్కడ పనిలేక వెళ్ళాడని ఆమె కోపం. పింఛనామె ఊరుకోలేదు. కొత్త ప్రభుత్వం పింఛను నాలుగు వేలు చేసింది కదా అని ఎవరో అంటే, “పెంచితే మంచిదే. పెంచుతారని ఓటు మార్చుకుంటానా?” అంది. మందు కొట్టు మాటన్న ఆమె నవ్వి, “నేను మార్చుకున్నానే, అయితే ఏంటంట?” అంది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అప్పు వాయిదాల దగ్గర ఎంత కచ్చితంగా ఉంటారో ఇక్కడా అంతే. ఇంతకంటే మెరుగైన చర్చ నేను టీవీల్లో వినలేదు.

రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు, బ్యాలెట్ రహస్యం. 2022లో చాలా రాష్ట్రాల్లో ప్రతిపక్ష సభ్యులు పార్టీని కాదని ముర్ముకి వేశారు, దానికి మళ్ళీ అంతరాత్మ అనే పేరే పెట్టారు. మీటింగయ్యాక నేను, ఎవరికి వేసిందీ ఇంట్లో చెప్పారా అని అడిగాను. చాలామంది చెప్పామన్నారు. ఒకామె మాత్రం డబ్బు లెక్కపెడుతూ, “మా ఆయన అడిగితే ఆయన చెప్పినదానికే వేశానన్నానండి,” అంది. మరి నిజంగా ఎవరికి వేశావమ్మా అంటే, తలెత్తకుండానే, “ఆయనకే చెప్పలేదు, మీకు చెబుతానేంటండీ?” అని మిగతా నోట్లు లెక్కపెట్టుకుంది.