పానా పట్టిన వ్యోమగాములు

2012 ఆగస్టు 30న సునీతా విలియమ్స్, జపాన్ వ్యోమగామి అకిహికో హోషిదే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట ఎనిమిది గంటలకు పైగా పనిచేశారు. చెడిపోయిన ఒక విద్యుత్ పెట్టెను ఊడదీసి కొత్తది బిగించాలి. సౌర ఫలకాల నుంచి వచ్చే కరెంటును కేంద్రానికి పంచే పెట్టెలు నాలుగుంటే అందులో ఇదొకటి. పాతది ఊడింది గానీ, కొత్తదాని బోల్టు ఒకటి మరలోకి దిగకుండా మొరాయించింది. ఎంతసేపు ప్రయత్నించినా లాభం లేకపోయింది. పెట్టె కదలకుండా పట్టీతో కట్టేసి ఇద్దరూ లోపలికి వచ్చేశారు.

బోల్టు దిగాల్సిన రంధ్రంలో లోహపు రజను చేరింది. దాన్ని శుభ్రం చేయడానికి తగిన పనిముట్టు కేంద్రంలో లేదు. కింద హ్యూస్టన్ ఇంజినీర్లు, పైన సిబ్బంది కలిసి ఉన్న సామానుతోనే ఉపాయం చేశారు. మిగులు కేబుల్ తీగలు విప్పి కుచ్చులా కట్టి ఒక బ్రష్షు తయారుచేశారు. పళ్లు తోముకునే బ్రష్షును ఒక లోహపు కడ్డీకి కట్టి ఇంకొకటి చేశారు. సెప్టెంబరు 5న సునీత, హోషిదే మళ్లీ బయటికి వెళ్లి, నైట్రోజన్ వాయువుతో రజను ఊది, తీగల బ్రష్షుతో మరలు రుద్ది, టూత్‌బ్రష్షుతో గ్రీజు పూసి బోల్టు తిప్పారు. ఈసారి దిగింది.

అంతరిక్ష కేంద్రం అనగానే మనకు ప్రయోగాలు, రికార్డులు, కిటికీలోంచి కనిపించే భూగోళం గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నాయి. కానీ 2000 నవంబరు 2 నుంచి ఆ కేంద్రం ఒక్కరోజు కూడా మనిషి లేకుండా లేదంటే, దాన్ని నిలబెట్టింది మరమ్మతు విద్య. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరిగే ఇంటికి మెకానిక్‌ను పిలిపించుకోలేం. అక్కడ సాధారణంగా ఉండే ఏడుగురే మెకానిక్కులు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, పారిశుధ్య సిబ్బంది. దిగిపోయేవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు పనులు అప్పగిస్తూ, రాతలో పట్టని ఒడుపులు కూడా చూపించి మరీ వస్తారు. పాతికేళ్లుగా ఈ విద్య అలా చేతుల మీదుగా నడుస్తోంది.

అక్కడ నడిచేది గ్రీనిచ్ కాలమానం. ఉదయం ఆరింటికి, అంటే మనకు పదకొండున్నరకు, రోజు మొదలవుతుంది. సుమారు 90 నిమిషాలకోసారి తెల్లవారుతూ ఉంటుంది కాబట్టి గడియారమే దిక్కు. హ్యూస్టన్, హంట్స్‌విల్, మ్యూనిక్, త్సుకుబా, మాస్కో కేంద్రాలతో మాట్లాడుకున్నాక పనిలోకి దిగుతారు. కంప్యూటర్ తెర మీద ఒక్కొక్కరి పనులూ ఒక్కో వరసలో ఉంటాయి. వాటి మీదుగా ఒక ఎర్రగీత ఎడమ నుంచి కుడికి ఆగకుండా జరుగుతుంటుంది. ఎవరు వెనకబడ్డారో, ఎవరు ముందున్నారో ఆ గీతే చెబుతుంది. ఏ పలక విప్పాలి, ఏ పానా వాడాలి, బోల్టును ఎంత బలంతో బిగించాలి, ఊడదీసిన స్క్రూలు ఎక్కడ పెట్టాలి అన్నదంతా ముందే రాసి ఉంటుంది. రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం. శనివారం ఇల్లు శుభ్రం చేసుకునే రోజు.

కాగితం మీద ఎంత రాసినా, బరువు లేనిచోట ఒక స్క్రూ విప్పడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. నేల మీద పానా తిప్పుతుంటే మన ఒంటి బరువు, కాళ్ల కింది నేల మనకు తెలియకుండానే సాయం చేస్తాయి. అక్కడ బోల్టు గట్టిగా ఉంటే బోల్టుకు బదులు మనిషి తిరుగుతాడు. అందుకని మొదట నేర్చుకునేది కాళ్లతో పట్టు. గోడల వెంబడి ఉన్న కడ్డీల కింద పాదాలు దూర్చి, కాలివేళ్లు బిగించి నిలదొక్కుకుంటే గానీ చేతులు పనికి ఖాళీ అవవు. కొన్ని నెలలు గడిచేసరికి అరికాళ్లలోని గట్టి చర్మం ఊడి మెత్తబడుతుంది. కడ్డీలకు ఒరుసుకుని కాయలు కాసేది పాదాల పైభాగం. ఎవరు ఎంతకాలంగా పనిలో ఉన్నారో ఆ పాదాలు చూసి చెప్పవచ్చు.

రెండో నియమం, దేన్నీ వదిలేయకూడదు. విప్పిన స్క్రూ చేతిలోంచి జారితే కింద పడదు, ఎటో వెళ్లిపోతుంది. కాబట్టి జిగురువైపు పైకి ఉంచిన టేపు మీదో, జిప్పు సంచిలోనో దాన్ని బంధిస్తారు. అయినా పోయేవి పోతుంటాయి. గాలి ప్రవాహం వాటిని మెల్లగా లాక్కెళ్లి గాలి పీల్చే జల్లెడల మీద చేరుస్తుంది గనుక, పోయిన వస్తువు కోసం మొదట వెతికేది అక్కడే. వ్యోమగామి ఫ్రాంక్ రూబియో అక్కడ పండించి పోగొట్టుకున్న చిన్న టమాటా మాత్రం నెలల తర్వాత, ఆయన భూమికి వచ్చేశాక, 2023 చివర్లో దొరికింది. కేంద్రం బయటైతే చేజారింది చేజారినట్టే. 2008 నవంబరులో ఒక స్పేస్‌వాక్‌లో జారిపోయిన పనిముట్ల సంచి నెలల తరబడి భూమి చుట్టూ తిరిగి, 2009 ఆగస్టులో వాతావరణంలో కాలిపోయింది. అందుకే అక్కడ కొత్త కొక్కెం తగిలించాకే పాతది తీస్తారు. మనిషికైనా సంచికైనా అదే పద్ధతి.

ఇక గాలి. బరువు లేనిచోట వేడిగాలి పైకి పోదు, చల్లగాలి కిందికి దిగదు. ఫ్యాన్లు ఆగితే నిద్రపోతున్న మనిషి వదిలిన బొగ్గుపులుసు వాయువు అతని ముఖం చుట్టూనే పేరుకుంటుంది. కనుక శనివారాల్లో జల్లెడల మీది దుమ్మును వాక్యూమ్ క్లీనర్‌తో తీయడం ఊపిరికి సంబంధించిన పని. 2020 అక్టోబరులో రష్యా విభాగంలో గాలి ఎక్కడ కారుతోందో ఎంతకీ దొరకనప్పుడు, వ్యోమగాములు గదిలోకి కాస్త తేయాకు వదిలి అది ఎటు తేలిపోతుందో కెమెరాతో గమనించారు. ఆకులు చీలిక దగ్గరికి దారి చూపించాయి.

ఈ విద్యలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది మూత్రాన్ని తాగునీరుగా మార్చే యంత్రం కథ. 2008లో పైకి వెళ్లినప్పుడు మూత్రంలోని నీటిలో 85 శాతాన్ని తిరిగి ఇవ్వాలని దాన్ని తయారుచేశారు. భూమి మీద చేసిన పరీక్షల్లో బాగానే నడిచింది. పైన కొన్నాళ్లకే లోపల సున్నపు పక్కు కట్టి చెడిపోయింది. కారణం వెతుక్కుంటూ పోతే వ్యోమగాముల ఎముకల దగ్గర తేలింది. బరువు మోయని ఎముక కాల్షియంను వదిలేస్తుంది, అది మూత్రంలో కలుస్తుంది. మూత్రం చెడకుండా కలిపే గంధకామ్లంతో చేరి కాల్షియం సల్ఫేట్‌గా గడ్డకడుతుంది. దాంతో పిండే నీటి శాతం తగ్గించి జాగ్రత్తగా నడిపారు. తర్వాత గంధకామ్లం మార్చి ఫాస్ఫారిక్ ఆమ్లం వాడాక మళ్లీ 85 శాతానికి చేరారు. మిగిలిన చిక్కటి ద్రవంలోంచి కూడా నీరు తీసే పరికరం తోడై, 2023లో మొత్తం మీద 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగారు. మనిషి ఒంటినీ గొట్టాన్నీ విడివిడిగా చూసి ఉంటే ఈ చిక్కు వీడేది కాదు.

ఈ విద్యకు మూలాలు సోవియట్ కాలంలో ఉన్నాయి. 1985 ఫిబ్రవరిలో సల్యూత్-7 కేంద్రం మూగబోయింది. అందులో అప్పుడు ఎవరూ లేరు. జూన్ 6న బయలుదేరిన వ్లాదిమిర్ జనిబెకోవ్, విక్తర్ సవినిఖ్ తమ నౌకను చేత్తో నడిపి, స్పందన లేని ఆ కేంద్రానికి అతికించారు. లోపల కటిక చీకటి, గోడల మీద మంచు, ట్యాంకుల్లో గడ్డకట్టిన నీరు. ఉన్ని టోపీలు పెట్టుకుని, టార్చిలైటు వెలుతురులో బ్యాటరీలను ఒక్కొక్కటే పరీక్షించి, పనికొచ్చేవాటి తీగలను చేతులతో మెలిపెట్టి నేరుగా సౌర ఫలకాలకు కలిపారు. తమ నౌక ఇంజిన్లతో కేంద్రాన్ని సూర్యుడి వైపు తిప్పారు. బ్యాటరీలు నిండాయని తప్పుగా చెప్పిన ఒక సెన్సర్ ఛార్జింగ్‌ను ఆపేయడమే మొత్తం అనర్థానికి కారణమని తేలింది. రోదసిలో జరిగిన మరమ్మతులన్నిటిలో దీనికే నేను పెద్దపీట వేస్తాను. 1973లో తమ స్కైల్యాబ్ కేంద్రాన్ని బాగుచేసిన అమెరికన్ల అనుభవమూ, సల్యూత్, మీర్ కేంద్రాల మీద రష్యన్లు పండించుకున్న అనుభవమూ ఇప్పటి కేంద్రంలో ఒకే కప్పు కిందికి చేరాయి.

ఉపాయాల కన్నా కఠినమైనది, తేలిగ్గా దొరికిన జవాబుతో సరిపెట్టుకోకపోవడం. 2013 జులై 9న ఇటలీ వ్యోమగామి లూకా పార్మితానో స్పేస్‌వాక్ తర్వాత హెల్మెట్‌లో నీళ్లు కనిపించాయి. తాగునీటి సంచి కారి ఉంటుందనుకున్నారు. సరిగ్గా వారానికి, జులై 16న, అదే సూట్‌తో బయటికి వెళ్లిన ఆయన హెల్మెట్‌లోకి లీటరుకు పైగా నీరు చేరి కళ్లు, ముక్కు కప్పేసింది. కనిపించని దారిలో తాడు లాగుడును బట్టి ఆయన తలుపు దాకా చేరుకున్నారు. సూట్‌ను చల్లబరిచే వ్యవస్థలో సన్నటి రంధ్రాలు పూడుకుపోవడం అసలు కారణం. ఆ తర్వాత హెల్మెట్ వెనక నీరు పీల్చే మెత్తను, ఊపిరి తీసుకోవడానికి ఒక గొట్టాన్ని అమర్చారు.

ఈ పరంపరలో మనవాళ్ల చేతులూ ఉన్నాయి. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా అక్కడ ఉండి, మార్చిలో రెండుసార్లు బయటికి వెళ్లి కొత్త సౌర ఫలకాలకు ఆధారాలు అమర్చడం లాంటి పనులు చేశారు. 2025లో శుభాంశు శుక్లా ఆ కేంద్రంలో 18 రోజులు గడిపి వచ్చారు. శ్రీహరికోట నుంచి వెళ్లిన రెండు ఉపగ్రహాలను 2025 జనవరి 16న రోదసిలో ఒకదానికొకటి అతికించి ఇస్రో తొలి మెట్టు ఎక్కింది. భారతీయ అంతరిక్ష కేంద్రం మొదటి భాగాన్ని 2028లో పంపి, 2035 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం.

ఆ కేంద్రం నమూనాలు తయారయ్యేది ఇప్పుడే. ఏ పలక వెనక ఏ గొట్టం ఉండాలి, లావు గ్లవ్స్ తొడుక్కున్న చెయ్యి అక్కడికి చేరుతుందా, ఆ పెట్టెను విప్పడానికి ఎన్ని రకాల పానాలు కావాలి అన్నవి ఈ దశలోనే తేలిపోతాయి, తర్వాత మార్చడం కష్టం. రేపు పైకి వెళ్లి బిగించాల్సినవాళ్లను, నేల మీద ఏళ్ల తరబడి యంత్రాలు విప్పి బిగించిన టెక్నీషియన్లను కూడా ఈ రోజే ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టాలని ఇస్రోను కోరుతున్నాను.