లాగ్‌ను ఎవరు పట్టి ఉంచారు?

అబిడ్స్ నుంచి మొజంజాహి మార్కెట్ మీదుగా నాంపల్లి వైపు వస్తే ఎం.జె. రోడ్డులో స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ ప్రధాన కార్యాలయం ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో వరుస నంబరుతో ఎక్కాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న ‘కార్డ్’ అనే కంప్యూటర్ విధానం మొదలుకాకముందు వాటిని చేత్తోనే నకలు రాసేవారు. ఆ పుస్తకం పెరుగుతూనే ఉంటుంది, పెరగాలి కూడా. డేటాబేస్‌లో ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ అలా కాదు. పని తీరిన భాగం మళ్లీ వాడుకకు రావాలి. రాకపోతే డిస్కు నిండి కౌంటర్లు ఆగుతాయి. భూమి కాగితాల కార్యాలయానికి ఈ విషయంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ మేలా, పోస్ట్‌గ్రెస్ మేలా?

లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో కారణం చెప్పడంలో ఎస్‌క్యూఎల్ సర్వర్‌దే పైచేయి. లాగ్ బ్యాకప్ తీయలేదా, పాత ట్రాన్సాక్షన్ ముగియలేదా, రెప్లికా (నకలు సర్వరు) వెనకబడిందా అన్నది ఒక్క కాలమ్‌లో చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే సంగతి రెండు మూడు చోట్ల వెతికి ఏరుకోవాలి. అయితే ఎస్‌క్యూఎల్ సర్వర్ ‘ఫుల్’ రికవరీలో రోజూ ఫుల్ బ్యాకప్ తీసినా లాగ్ ఖాళీ కాదు, లాగ్ బ్యాకప్ విడిగా తీయాల్సిందే. అది తెలియక ‘సింపుల్’కు మార్చి, ఫైలును ష్రింక్ చేసి హమ్మయ్య అనుకునేవారు ఎందరో. ఆ క్షణాన బ్యాకప్ గొలుసు తెగిపోతుంది. మళ్లీ బ్యాకప్ తీసేలోపు డిస్కు పోతే, మధ్యలో రిజిస్టరైన దస్తావేజులూ పోతాయి. జీవితకాలపు పొదుపుతో ఇల్లు కొన్నవారి విషయంలో ఇది క్షమించరాని పని.

పోస్ట్‌గ్రెస్‌లో నాకు నచ్చింది దాని విచక్షణ. ఆర్కైవ్‌కు చేరని లాగ్‌ను అది చెరపదు, డిస్కు నిండి సర్వరు ఆగిపోయినా సరే. వెనకబడిన రెప్లికాకు మాత్రం హద్దు పెట్టుకోనిస్తుంది. 2020లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి, రెప్లికా కోసం లాగ్‌ను పట్టి ఉంచే ‘స్లాట్’కు ఎంత లాగ్ ఆపాలో మనమే నిర్ణయించవచ్చు. హద్దు దాటితే రెప్లికా తెగుతుంది, కౌంటరు నడుస్తుంది. రెప్లికాను మళ్లీ కట్టుకోవచ్చు, పోయిన లాగ్‌ను కట్టలేం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వెనకబడిన రెప్లికాను మనిషే తీసేయాలి. అర్ధరాత్రి ఆ మనిషి దొరకాలి.

అందుకే నా మొగ్గు పోస్ట్‌గ్రెస్ వైపు. కాకపోతే ఆ హద్దు తనంతట తాను ఉండదు. డిఫాల్ట్ విలువ మైనస్ ఒకటి, అంటే అపరిమితం. సర్వరు పెట్టిన రోజే దాన్ని మార్చాలి.