మాండలిన్‌కు గొంతు నేర్పిన పాలకొల్లు పిల్లవాడు

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్ళేవాళ్ళు ఈసారి బ్యాండు మేళం దగ్గర కాసేపు ఆగి చెవి పెట్టండి. క్లారినెట్ పట్టుకున్నతను ఏదో పాత పాట ఎత్తుకుంటాడు. స్వరాన్ని నేరుగా వెళ్ళి పట్టుకోడు. కొంచెం కింద నుంచి బయల్దేరి, జారుకుంటూ పైకి వెళ్ళి అందుకుంటాడు. దిగేటప్పుడూ అంతే, మెట్టు మెట్టుగా దిగడు. ఆ వాద్యం ఐరోపాలో పుట్టింది. కాగితం మీద రాసిన స్వరాన్ని రాసినట్టు పలికించడానికి దానికి మీటలు అమర్చారు. మన మేళగాళ్ళు అదే మీటల మీద గొంతు పలికిస్తున్నారు. ఎవరూ వాళ్ళకు పుస్తకం పెట్టి నేర్పలేదు. పాట వినీ వినీ చెవికి అబ్బింది వేళ్ళలోకి దిగింది.

ఆ జారుడుని పట్టుకుని బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్ళిన మనిషి కూడా ఈ చుట్టుపక్కల ఊళ్ళవాడే. ఆయన ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్.

పాలకొల్లు నుంచి గుడివాడకు రైలు దారి భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు మీదుగా కొల్లేటికి దక్షిణపు అంచున సాగుతుంది. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తొలి కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో చేశారు. పుట్టిన ఊరూ, మొదటిసారి వేదికెక్కిన ఊరూ ఈ దారికి రెండు కొసల్లో ఉన్నాయి. ఆ మధ్యలో తొమ్మిదేళ్ళు. మద్రాసు పేరు తర్వాత తోడైంది కానీ, ఆ వాదనానికి పునాది పడింది ఈ డెల్టాలోనే.

ఇంట్లో తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ ఉండేది. అయిదారేళ్ళ వయసులో పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి వాడి చెయ్యి చూసి కొత్త వాద్యం కొనిచ్చి పాఠం మొదలుపెట్టారు. గిటార్ విద్వాంసుడు వాసూరావు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. అసలు మలుపు మాత్రం రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గర వచ్చింది. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. మాండలిన్ ఆయనకు రాదు. పాఠం ఎలా చెప్పాలి? ఆయన పాడేవారు. పిల్లవాడు విని, విన్నది తీగ మీద వెతుక్కునేవాడు.

శ్రీనివాస్ కళను అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఇదే. వాద్యం వాయించే గురువు దొరికి ఉంటే ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు, ఆయనకు తెలిసిన వాద్యపు హద్దులు కూడా పాఠంతో పాటు వచ్చేవి. ఇది మాండలిన్ మీద పలకదురా, వదిలెయ్ అనే మాట ఒక్కసారైనా వచ్చి ఉండేది. సుబ్బరాజుగారి నోట ఆ మాట రావడానికి వీల్లేదు, ఆ వాద్యపు హద్దులేమిటో ఆయనకే తెలియదు. తన గొంతులో పలికినదల్లా శిష్యుడి తీగ మీద పలకాలన్నదే ఆయన పాఠం.

అదెంత కష్టమో తెలియాలంటే మాండలిన్‌ను దగ్గరగా చూడాలి. ఇటలీ నుంచి వచ్చిన ఈ వాద్యానికి నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. ఒక్కో జతలోని రెండు తీగలూ ఒకే శ్రుతిలో ఉంటాయి. మెడ పొట్టి, మెట్లు ఇరుకు. మీటగానే గలగలమంటుంది, వెంటనే అణిగిపోతుంది. నాదం నిలవదు కాబట్టి పాశ్చాత్య వాదకులు ఒక్కటే స్వరాన్ని అటూ ఇటూ చకచకా మీటుతూ నిలబెడతారు. మన సినిమా పాటల్లోనూ ఆ గలగల బాగా ఒదిగింది. పల్లవికీ చరణానికీ మధ్య చలాకీ ముక్క కావలసి వస్తే మద్రాసు స్టూడియోల్లో మాండలిన్‌ను పిలిచేవారు. వాయించినవాళ్ళ పేర్లు రికార్డు అట్ట మీదకు ఎక్కేవి కావు. పాటకు ప్రాణం పోసి, సాయంత్రానికి డబ్బు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయిన అలాంటి వాద్యకారులు ఎందరో. ఆ గలగలతో సినిమా పాట నడుస్తుంది. తోడి రాగం నడవదు.

తోడిలో గాంధారాన్నే తీసుకోండి. హార్మోనియం మీద ఆ గాంధారపు మెట్టు నొక్కితే ఒక స్వరం వస్తుంది, అది తోడి కాదు. పాడే మనిషి గొంతులో ఆ గాంధారం నిలకడగా ఉండదు. కింద రిషభాన్ని తాకుతుంది, పైన మధ్యమం వైపు ఊగుతుంది, ఆ ఊపులోనే రాగం ముఖం కనిపిస్తుంది. వీణ మీద దీనికి దారి ఉంది. మెట్ల మధ్య ఎడం ఎక్కువ, తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. మాండలిన్ మీద అంత చోటు లేదు. శ్రీనివాస్ ఆ పని ఎక్కువగా జారుతో సాధించారు. కుడిచేత్తో ఒక్కసారి మీటి, ఆ నాదం అణిగేలోపు ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి ఎత్తకుండా మెట్ల మీదుగా పైకీ కిందికీ నడిపించారు. వేలు ఎక్కడ బరువుగా ఆనాలో, ఎక్కడ తేలికగా దాటిపోవాలో తెలియకపోతే మెట్లు గరగరమంటాయి. ఆయన తోడి ఆలాపన వింటుంటే మెట్లున్నాయన్న సంగతే చెవికి తెలియదు.

ఒక్క మీటులో అంత సంగతి ఇమడాలంటే నాదం కొంచెం నిలవాలి కదా. అందుకే ఆయన వాద్యాన్నే మార్చుకున్నారు. మొదట మామూలు మాండలిన్ వాయించి, తర్వాత ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారారు. జంట తీగలు తీసేశారు. జంటను కలిపి జారిస్తే రెండూ కచ్చితంగా ఒకే శ్రుతిలో ఉండవు, గమకం మసకబారుతుంది. ఎనిమిది తీగల చోట అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. కరెంటు సాయంతో స్వరం ఎక్కువసేపు నిలిచింది, సభ చివరి వరసకూ వినబడింది. కర్ణాటక సంగీతంలో ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తెచ్చి నిలబెట్టింది ఆయనే. పెదవి విరిచినవాళ్ళూ లేకపోలేదు. పాశ్చాత్య వాద్యం, పైగా కరెంటుది, దీని మీద కృతులా అన్నారు. ఇలాంటి సందేహం మనకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ళ కిందట బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను చేతబట్టినప్పుడు అదీ పరాయి వాద్యమే. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఊహకు అందదు.

1981లో మద్రాసు డిసెంబరు సంగీత ఉత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద ఆ పన్నెండేళ్ళ పిల్లవాడు వాయించాక పేరు మారుమోగింది. తొలినాళ్ళలో పక్కన వయొలిన్ మీద మన విజయనగరం బిడ్డ అన్నవరపు కన్యాకుమారి, మృదంగం మీద తంజావూరు ఉపేంద్రన్, డోలు మీద వలయపట్టి సుబ్రహ్మణ్యం కూర్చున్నారు. డోలును కచేరీలోకి తేవడం మంచి ఎంపిక. మాండలిన్ పలుకు సన్నన, డోలు దెబ్బ గట్టి. ఆ రెండింటి మధ్య స్వరప్రస్తారం సాగుతుంటే, గుళ్ళో సన్నాయి మేళం విని పెరిగిన చెవికి సొంత ఊరు వచ్చినట్టుంటుంది.

ఆయన వేగాన్ని చాలామంది పొగిడారు. నాకు దానితో కొంత పేచీ ఉంది. వేగం నిజమే, వేళ్ళు కంటికి ఆనవు, మూడో కాలంలో కూడా ఒక్క స్వరం నలగదు. అయినా సాధన చేసిన వేళ్ళకు వేగం వస్తుంది, ఇంకొకరికీ వస్తుంది. విలంబంలో, తాళం విశాలంగా పరుచుకున్న చోట, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఆయన చేసే ప్రయాణం మాత్రం ఇంకెవరికీ అంత తేలిగ్గా రాదు. గొప్పతనం అక్కడుంది. చప్పట్లు కొట్టించే తనియావర్తనాల ముందు వచ్చే రాగాలాపన వినండి. సుబ్బరాజుగారి గాత్రపాఠం అక్కడ స్పష్టంగా బయటపడుతుంది. వాక్యం ఎక్కడ ఆగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసిన వాదన అది. మాండలిన్‌కు ఊపిరి అక్కర్లేదు. ఆయన వాయిస్తే మాత్రం అది ఊపిరి తీసుకుంటుంది.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం పిలిచింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు. జాజ్ వినడానికి టికెట్టు కొనుక్కున్న జనం ముందు కర్ణాటక కృతులు వాయించి వాళ్ళను లేచి నిలబడేలా చేశారు. ఇది వింతగా కనిపిస్తుంది కానీ, ఆ శ్రోతల చెవి అప్పటికే కొంత సిద్ధమై ఉంది. జాజ్‌లో కళాకారుడు ఒక రాగచ్ఛాయ తీసుకుని అక్కడికక్కడే కల్పించుకుంటూ పోతాడు. మన మనోధర్మం కూడా అదే జాతి. 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డులో శ్రుతిమేళాల మార్పులు తగ్గించి ఒక్కో స్వరశ్రేణి మీద ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆ రికార్డులో సాక్సోఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ 1961లో ‘ఇండియా’ పేరుతోనే ఒక కల్పన వాయించాడు, తర్వాత కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకున్నాడు. అలాంటి శ్రోతలకు పాలకొల్లు పిల్లవాడి స్వరకల్పన పరాయిగా తోచకపోవడం సహజమే.

సాక్సోఫోన్ మాట వచ్చింది కాబట్టి కద్రి గోపాల్‌నాథ్‌ను తలుచుకోకుండా ముందుకు పోలేం. మంగళూరు ప్రాంతపు నాదస్వర కుటుంబంలో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దాని వెంట పడ్డారు. ఆయనకూ అదే చిక్కు. మీటలన్నీ పాశ్చాత్య స్వరాలకు బిగించినవి, గమకానికి చోటు లేదు. ఆయన పెదవుల బిగువుతో, ఊపిరి ఒత్తిడితో స్వరాన్ని వంచారు. 1994లో లండన్ బి.బి.సి. ప్రామ్స్‌లో వాయించారు. అదే ఏడు వచ్చిన ‘డ్యుయెట్’ సినిమాకు ఎ.ఆర్. రెహమాన్ ఆయన చేత వాయించిన సాక్సోఫోన్ ఇప్పటికీ ఆ చిత్రం పేరు చెప్పగానే గుర్తొస్తుంది. 2008లో అమెరికా జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ చేశారు. ఒకరిది ఊపిరి, ఒకరిది మీటు. చేసిన పని ఒక్కటే.

శ్రీనివాస్ రికార్డింగులు లెక్కకు మిక్కిలి. కొత్తగా వినబోయేవాళ్ళు 1994లో రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసిన ‘రామ శ్రీరామ’తో మొదలుపెడితే మంచిది. అందులో కలగాపులగం లేదు, కర్ణాటక సంగీతమే. మరుసటి ఏడు అదే సంస్థ నుంచి కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ వచ్చింది. అది వేరే లోకం, మాండలిన్ చుట్టూ పొగమంచులా ధ్వనులు పరిచారు. నాకు అందులో కొన్ని చోట్ల మాండలిన్ పక్కకు జరిగిపోయినట్టు అనిపిస్తుంది. 2003లో ఇంగ్లండు స్వరకర్త మైకేల్ నైమన్‌తో చేసిన ‘సంగం’లో అలా కాదు, మాండలిన్‌కు దాని చోటు దానికి దొరికింది.

అన్నిటికన్నా పెద్ద పని ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జరిగింది. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, కంజీరా వి. సెల్వగణేశ్. వాళ్ళ నడుమ మన మాండలిన్. ‘ది బిలీవర్’, ‘శాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ రెండూ కచేరీల్లో రికార్డు చేసినవే. రెండో దానిలో శంకర్ మహదేవన్ గొంతుతో త్యాగరాజస్వామి ‘గిరిరాజసుతా తనయ’ వినిపిస్తుంది. జాజ్ గిటార్ మహామహుడి పక్కన కూర్చుని, ఆయన ప్రశ్న వేస్తే జవాబు చెప్పి, జవాబు చివర తిరిగి ప్రశ్న వేసే ధైర్యం ఆ మాండలిన్‌ది. అంతా అయ్యాక త్యాగరాజ కృతి త్యాగరాజ కృతిగానే మిగిలింది. కలయిక సంగీతం పేరుతో వచ్చే చాలా వాటిలో కనబడనిది ఇదే.

1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. వయసు 45 ఏళ్ళు. కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన ఇబ్బందులు తీసుకుపోయాయి. తమ్ముడు యు. రాజేశ్ అదే వాద్యంతో మెక్‌లాఫ్లిన్ ‘ఫ్లోటింగ్ పాయింట్’లో వాయించారు, ఇప్పటికీ వాయిస్తున్నారు. మాండలిన్ సిస్టర్స్‌గా పేరొందిన శ్రీఉష, శిరీష కర్ణాటక బాణీని కచేరీల్లో వినిపించారు. శక్తి బృందం తిరిగి కూడి చేసిన ‘దిస్ మొమెంట్’కు 2024లో గ్రామీ అవార్డు వచ్చింది. అందులో మాండలిన్ లేదు, వయొలిన్ మీద గణేశ్ రాజగోపాలన్ ఉన్నారు. ఆ ఆల్బమ్ నాకు నచ్చింది. అయినా ప్రతి పాటలోనూ ఖాళీ చోటు ఒకటి వినిపిస్తూనే ఉంది.

ఇక మనం చేయదగిన పని. 1970ల చివర నుంచి పాలకొల్లు, భీమవరం, గుడివాడ, ఏలూరు వైపు శ్రీరామనవమి పందిళ్ళలో, త్యాగరాజ ఉత్సవాల్లో ఆ పిల్లవాడి మాండలిన్ విన్నవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. అలాంటి కచేరీని టేపురికార్డరులో పట్టిన క్యాసెట్ ఎవరి ఇంటి అటక మీదైనా ఉండి ఉంటే, తేమకు పాడవకముందే కిందికి దింపి డిజిటల్ చేయించండి. ఒక కాపీ మీ ఊరి గ్రంథాలయానికో, సంగీత సభకో ఇవ్వండి. కచేరీ ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, పక్క వాద్యం ఎవరో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి జతచేయండి. సుబ్బరాజుగారి పాఠం ఆ వేళ్ళలోకి అప్పుడప్పుడే దిగుతున్న కాలపు నాదం అలాంటి క్యాసెట్లలోనే దొరకాలి.