ముందు ఆనవాలు, ఆ తర్వాతే నివేదిక

ఫోరెన్సిక్ సాక్ష్యంపై స్వతంత్ర సమీక్ష అంటే, ప్రయోగశాల ఇచ్చిన నివేదికను ఆ ప్రయోగశాలతో సంబంధం లేని నిపుణుడు న్యాయవాది కోరికపై మొదటినుంచి పరిశీలించి, అందులోని నిర్ధారణ ఎంతవరకు నిలబడుతుందో చెప్పడం. అయితే వేరే సంస్థకు చెందినవాడైనంత మాత్రాన నిపుణుడి చూపు స్వతంత్రం కాదని 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల దర్యాప్తు నిరూపించింది.

డిటొనేటర్లున్న ప్లాస్టిక్ సంచిపై దొరికిన వేలిముద్ర అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన ఒక న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిర్ధారించింది. ఆ పోలిక కుదరడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే తెలిపినా, మే 6న ఆయనను నిర్బంధించారు. కోర్టు నియమించిన స్వతంత్ర నిపుణుడు సైతం మే 19న ఆ ముద్ర ఆయనదేనన్నాడు. అదే రోజు స్పెయిన్ పోలీసులు అది అల్జీరియా దేశస్థుడు ఒకరిదని తేల్చడంతో, ఎఫ్‌బీఐ తన నిర్ధారణను ఉపసంహరించుకుని క్షమాపణ చెప్పింది. అనుమానితుడి ముద్రలో కనిపించిన లక్షణాలనే పరీక్షకులు సంచిపై ముద్రలో వెతుక్కున్నారని అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2006లో ఎత్తిచూపారు.

అందువల్ల సమీక్షకుడు ముందుగా ఘటనా స్థలపు ముద్రను ఒక్కదాన్నే చూసి, గీత ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుగా చీలిందో, ఏ భాగం పోల్చడానికి పనికిరాదో రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాతే అనుమానితుడి ముద్రను, అన్నిటికంటే చివర ప్రయోగశాల నివేదికను తెరవాలి. ఈ వరుస తప్పితే సమీక్ష మొదటి అభిప్రాయానికి రెండో సంతకంగా మిగిలిపోతుంది.

మన చట్టంలో ఈ జాగ్రత్త అవసరం మరింత ఎక్కువ. నిపుణుల అభిప్రాయాన్ని భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ సాక్ష్యంగా అనుమతిస్తే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కొందరు ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికలను వారిని బోనెక్కించకుండానే స్వీకరించే వీలు కల్పిస్తోంది. నిపుణుణ్ని పిలిపించే అధికారం కోర్టుకు ఉన్నా, అందుకు కారణం చూపగలిగేది నివేదిక వెనుక ఉన్న పరీక్షా పత్రాలను చదివించుకున్న న్యాయవాది మాత్రమే. పేద ముద్దాయికి ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే వ్యవస్థ, ఆ పత్రాలను చదవగల నిపుణుణ్ని కూడా సమకూర్చాలి. ఆ నిపుణుడు తేల్చింది ముద్దాయికే ప్రతికూలమైనా, న్యాయవాది దాన్ని ముందే తెలుసుకోవడం రక్షణలో భాగమే.