తొందరపడని కన్ను

కడుపులో మంటంటే రామకుప్పంలో ముందు గుర్తొచ్చేది మందుల షాపే. గ్యాస్ మాత్ర వేసుకుంటే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. జీర్ణాశయ కేన్సర్ తొలిదశతో వచ్చే చిక్కు అదే. ఆ మాత్రలకు కేన్సర్ పుండు కూడా కొన్నాళ్లు పైకి మానినట్టు కనిపించగలదు. మంట మళ్లీ మళ్లీ వచ్చి, మనిషి చిక్కిపోయాక కుప్పం పీఈఎస్ ఆసుపత్రికో, వేలూరు సీఎంసీకో పోయి ఎండోస్కోపీ గొట్టం వేయించుకుంటారు. గొంతులో మొద్దుబార్చే మందు కొట్టి ఎడమపక్కకు పడుకోబెట్టాక జరిగే పనితనం పేషెంటుకు ఎలాగూ కనబడదు.

తొలిదశ అంటే ఏమిటో 1962లో జపాన్ డాక్టర్లు తేల్చారు: లోపలి పొరనో, దాని కింది పొరనో దాటి కండరంలోకి దిగనిది. అప్పుడే పట్టుకుంటే అక్కడి లెక్కల్లో నూటికి తొంభైమందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. కానీ పట్టుకోవడానికి కడుపులో గడ్డంటూ ఉండాలి కదా! చాలాసార్లు ఉండేది గోరంత మేర ఎర్రదనమో, పాలిపోయిన మచ్చో, నడుమనే తెగిపోయిన ఒక మడతో.

అందుకే మంచి చేయి ముందు కడుగుతుంది. నురగనూ జిగురునూ మందునీళ్లతో కడిగి, గాలి నింపి మడతలు విప్పి, గొట్టం కొసను వెనక్కి తిప్పి పైభాగం కూడా చూస్తుంది. అనుమానమున్న చోట ఇండిగో కార్మిన్ అనే నీలిమందు చల్లితే, తొలకరి నీళ్లు మడిలోని పల్లాల్లో నిలిచినట్టు గాడుల్లో నిలిచి, మచ్చ అంచు బయటపడుతుంది. ఈ పనిలో నిదానానికి విలువుంది. 2015లో సింగపూర్ డాక్టర్లు ప్రచురించిన పరిశీలనలో, సగటున ఏడు నిమిషాలకు మించి చూసేవాళ్లు ప్రమాదకరమైన మార్పులను త్వరగా ముగించేవాళ్లకంటే రెట్టింపు పట్టుకున్నారు.

తరువాత ముక్క తీయడం. మొదటి ముక్క సరైన చోటునుంచి రావాలి, ఆపైన రక్తం కారి అంచు కనబడదు. పుండైతే అడుగునుంచి మాత్రమే తీస్తే చచ్చిన కణజాలమే చేతికి రావచ్చు, అంచునూ తీయాలి.

రెండు మూడు మిల్లీమీటర్ల ఆ ముక్కను ల్యాబులో మైనంలో నిలువుగా కూర్చోబెట్టే టెక్నీషియన్‌ను ఎవరూ పొగడరు, నాకు మాత్రం ఆ పని మీదే ఎక్కువ గౌరవం. ముక్క పక్కకు ఒరిగితే పొరల వరుస చెదిరిపోతుంది. నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి రంగు వేశాక పాథాలజిస్టు గ్రంథుల అమరిక చూస్తారు. కొన్ని కేన్సర్ కణాలు గ్రంథులే కట్టవు. లోపల జిగురు నిండి, కేంద్రకం ఒక పక్కకు నెట్టుకుపోయి, ఒంటరిగా చెదిరి ఉంటాయి. అలసిన కంటికి అవి తప్పిపోతాయి. ఇలా జీర్ణాశయపు ముక్కతో చేసిన స్లైడు మీదనే 1979లో రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా పాథాలజిస్టు హెలికోబాక్టర్ క్రిమిని గమనించారు. ఈ కేన్సర్‌కు పెద్ద కారణం అదే.

రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా, మచ్చ మీద అనుమానం తీరకపోతే మంచి డాక్టరు మళ్లీ పిలిచి ముక్క తీస్తారు. కేన్సరేనని తేలి, పైపైన ఉందనిపిస్తే ఎండోస్కోపీలోనే ఆ పొరను ఒక్క ముక్కగా ఒలిచి, బల్ల మీద పిన్నులతో పరిచి, రెండేసి మిల్లీమీటర్ల చీలికలుగా కోసి లోతు కొలుస్తారు. కింది పొరలోకి అర మిల్లీమీటరు దాటి దిగి ఉంటే, అప్పుడు పెద్ద ఆపరేషన్ మాట ఎత్తుతారు.