శకున యంత్రం, చర్చి, వ్యాఖ్యాన మర్యాద: ‘ఫూకో లోలకం’ నవలా పరిశీలన

ఉంబెర్టో ఎకో ఇటాలియన్ నవల ‘ఫూకో లోలకం’ 1988లో వెలువడింది. విలియం వీవర్ ఆంగ్లానువాదం మరుసటి ఏడాది వచ్చింది. ఈ నవలను గూఢసంఘాల ఇతివృత్తంగా చదవడం పరిపాటి. ఇందులోని కంప్యూటరుకూ చర్చికీ గల సంబంధాన్ని పరిశీలిస్తే, వ్యాఖ్యాతకు ఉండవలసిన మర్యాదే దీని ప్రధాన విషయమని నిరూపించవచ్చు.

మిలాన్ ప్రచురణ సంస్థలో పనిచేసే బెల్బో తన కంప్యూటరుకు 13వ శతాబ్దపు యూదు మార్మికుడు అబులాఫియా పేరు పెడతాడు. అక్షరాల కూర్పులను మార్చుతూ ధ్యానించడం ఆ మార్మికుని సాధన. బెల్బో, కసోబన్, దియోతల్లేవి కలిసి టెంప్లార్ వీరుల గురించిన వాక్యాలను యంత్రానికి అందించి, యాదృచ్ఛిక క్రమంలో తిరిగి రాబడతారు. మిన్నీ మౌస్ ప్రస్తావన గల వాక్యమూ వాటిలో చేరుతుంది. దానికీ రహస్యార్థం కుదురుతుంది. గ్రంథం తెరిచి శకునం చూసే పద్ధతి ఇదే. యంత్రం వాక్యాలను పక్కపక్కన నిలుపుతుంది. కార్యకారణాలను కల్పించేది చదివేవారే.

ఈ కల్పనకు గమ్యం పారిస్‌లోని సెయింట్ మార్టిన్ మఠపు పాత చర్చి. 1794లో స్థాపితమైన సాంకేతిక కళల సంస్థకు అది నెలవైంది. అక్కడి లోలకం కింద తగిన పటం పరిస్తే, సెయింట్ జాన్ పర్వదినపు తొలికిరణ వేళ భూగర్భశక్తుల కేంద్రం తెలుస్తుందని మిత్రుల ఊహ. ఆ ఊహతో చర్చి అంతా ఒక శకున యంత్రమవుతుంది. 1851లో ఫూకో అటువంటి లోలకంతోనే భూభ్రమణాన్ని ప్రత్యక్షంగా చూపాడు. ఆ ప్రదర్శనను ఎవరైనా పరీక్షించవచ్చు. మిత్రుల ఊహకు పరీక్షే లేదు. సాధనం ఒకటే అయినా ప్రశ్న మారడంతో జ్ఞానస్వరూపం మారింది.

సంకేతపదం ఉందా అని అబులాఫియా అడిగినప్పుడు కసోబన్ దైవనామంలోని ఆరు అక్షరాలకు గల 720 కూర్పులను ఆశ్రయిస్తాడు. చివరకు ‘లేదు’ అన్న సమాధానానికే యంత్రం తెరుచుకుంటుంది. అజ్ఞానాన్ని అంగీకరించడమే ప్రవేశార్హత అన్న ఈ సూచనను మిత్రులు గ్రహించరు.

వక్త, శ్రోత, ప్రస్తావన, దేశం, కాలం మొదలైన వాటి వైశిష్ట్యం వ్యంగ్యార్థ స్ఫురణకు హేతువని మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసంలో ప్రతిపాదించాడు. అబులాఫియా చెరిపివేసేవి సరిగ్గా ఇవే. లియా వీటిని తిరిగి నిలిపి, గూఢపత్రంగా భావించిన చీటీని వర్తకుని సరుకుల జాబితాగా చదువుతుంది. నవల ఆమె పాఠాన్నీ తుదిగా నిరూపించదు. తక్కువ ఊహలతో ఎక్కువ వివరాలను సమన్వయించడమే దాని బలం. 1990 కేంబ్రిడ్జ్ ప్రసంగాలలో ఎకో అతివ్యాఖ్యానాన్ని చర్చించినప్పుడు ఈ మితవ్యయాన్నే ప్రమాణంగా స్వీకరించాడు.

లియా ఇంగితజ్ఞానానికి ప్రతినిధిగానే మిగలడం పాత్రచిత్రణలో లోపం. అయినా ముగింపు దృఢమైనది. కల్పనను నమ్మినవారు లేని పటం కోసం బెల్బోను చర్చిలోనే లోలకపు తీగకు ఉరివేస్తారు. తమాషాగా అల్లిన అర్థమైనా నమ్మేవారి చేతిలో కార్యరూపం దాలుస్తుంది. కనుక సామ్యం దొరికిన చోటల్లా సంబంధం నిర్ణయించే పరిశోధన, ఆ నిర్ణయానికి దేశకాల ప్రస్తావనల ఆధారాన్ని కూడా చూపవలసి ఉంటుంది.